మరలకు చుట్టిన దారం

లారీ కింద వెల్లకిలా పడుకుని ఉన్న లక్ష్మీపతికి ముందుగా బూట్లు కనిపించాయి. నల్లటి కొత్త బూట్లు. మడమ దగ్గర ఒక్క గీత కూడా లేదు. కళ్యాణదుర్గంలో మధ్యాహ్నం ఒంటిగంట ఎండలో పాలిష్ చెదరని బూట్లతో తిరిగే మనిషి ఒక్కడే ఉన్నాడు. మొహం చూడకుండానే లక్ష్మీపతికి కడుపులో మంట మొదలైంది.

“ఏం సార్, ఏమన్నా దొరికిందా? లేకుంటే నీడ బాగుండాదని పండుకున్నారా?”

ప్రతాప్ గొంతు. ఆ గొంతుకు ప్రశ్నలు అడగడం నేర్పింది లక్ష్మీపతే. అనంతపురంలో ఆయన నడిపే డిటెక్టివ్ ఆఫీసులో ప్రతాప్ ఆరేళ్ళు పనిచేశాడు. సాక్షిని మాట్లాడించడం, తాను నోరు మూసుకుని ఎదుటివాడి చేత నోరు తెరిపించడం, రోడ్డు మీద టైరు గీత చూసి బ్రేకు ఎక్కడ పడిందో చెప్పడం, అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. నాలుగేళ్ళ కిందట వెళ్ళిపోయి సొంత ఆఫీసు తెరిచాడు. ఇప్పుడు ఇన్సూరెన్సు కంపెనీల ఫైళ్ళన్నీ అతని బల్ల మీదికే పోతాయి. అతనికి తెల్ల కారుంది. లక్ష్మీపతికి ఇంకా ఆ పాత మోపెడ్డే. ఇది అచ్చమైన అసూయ. యాభై ఎనిమిదేళ్ళు వచ్చాక దానికి ఆత్మగౌరవమనో ధర్మాగ్రహమనో పేరు మార్చి తనను తాను మోసం చేసుకునే ఓపిక లక్ష్మీపతికి లేదు.

“నీ రిపోర్టులో తప్పు వెతుకుతాండా,” అన్నాడు కింద నుంచే.

“వెతకండి. నాలుగింటిదాంకా టైముండాది. ఆ తర్వాత ఎస్సై వాణ్ణి కోర్టుకు తీసకపోతాడు.”

వాడంటే నూర్ అహమ్మద్. ఈ ఊళ్ళో లారీ మెకానిక్కు. పోయిన బుధవారం ఈ లారీ వెనక ఇరుసుకు ఆయిల్ సీలు మార్చాడు. ఐదు రోజులకు, సోమవారం పొద్దున ఆరూ నలభైకి, విత్తన శెనక్కాయల మూటలతో పోతున్న లారీ వెనక చక్రాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయాయి. లారీ అడ్డం తిరిగి కల్వర్టులోకి దొర్లింది. డ్రైవరు కదిరప్ప అక్కడికక్కడే పోయాడు. బండిని క్రేనుతో లేపి తెచ్చి పోలీసు స్టేషను పక్కనున్న ఖాళీ స్థలంలో నిలబెట్టారు.

ఇన్సూరెన్సు కంపెనీ పంపితే ప్రతాప్ వచ్చి ఒక్క పూటలో తేల్చేశాడు. సీలు దగ్గర నూనె అంతా కారిపోయింది. నూనె లేక బేరింగు కాలి పట్టేసింది. సీలు వేసింది నూర్ అహమ్మద్. పైగా ఆదివారం ఫోనులో అతను కదిరప్పను “పోయి చావు” అన్న మాట కదిరప్ప ఫోనులో రికార్డయి ఉంది. కాబట్టి ఇది చేతకానితనం కాదు, కావాలని చేసిన పనేనని ప్రతాప్ రాశాడు. ఎస్సై తలూపాడు. నూర్ భార్య మదీనాబీ మాత్రం ఊపలేదు. నిన్న సాయంత్రం బస్సెక్కి అనంతపురం వచ్చి లక్ష్మీపతి గుమ్మంలో కూర్చుంది. “మా ఆయన జైలుకు పోతే పోయినాడు సారు. చంపినాడన్న మాటను మాత్రం మోయలేడు. చచ్చిపోతాడు,” అంది.

లక్ష్మీపతి టార్చి వెలుగును ఇరుసు నడుమ ఉన్న ఇనుప బొజ్జ మీద వేశాడు. మెకానిక్కులు దాన్ని హౌసింగ్ అంటారు. ఇంజిను తిప్పే పొడవాటి షాఫ్టు వచ్చి అందులోకి దూరే చోట పినియన్ అనే పళ్ళ ఇరుసు ఉంటుంది. దాని మెడ చుట్టూ లోపలి నూనె బయటికి రాకుండా పట్టుకునే రబ్బరు వలయమే సీలు. ప్రమాదంలో షాఫ్టు తెగి పడిపోయింది కాబట్టి పినియన్ కొస, దాని నట్టు కళ్ళకెదురుగా ఉన్నాయి.

“ఇట్లా కూర్చో ప్రతాప్. బూట్లు మాసిపోవులే. ఆ నట్టు చూడు. దాని మీద ఒక చుక్క. పినియన్ కొస మీద ఒక చుక్క. రెండూ ఎదురెదురుగా ఉండాయి. ఇప్పకముందు మొనదేలిన పంచితో కొట్టుకున్న గుర్తులివి. సీలు మార్చినాక నట్టును మళ్ళా అదే గుర్తుకు తెచ్చి బిగించినాడు. ఒక్క పిసరు ఎక్కువ తిప్పితే బేరింగు నలుగుతుంది, తక్కువ తిప్పితే ఆడుతుంది. చెడగొట్టల్ల అనుకున్నోడు ఇంత జాగ్రత్తగా చుక్కలు కలుపుతాడా? నీ రిపోర్టులో ఈ చుక్క యాడా లేదే?”

ప్రతాప్ వంగి రెండు క్షణాలు నట్టు వైపే చూశాడు. ఆ రెండు క్షణాలను లక్ష్మీపతి పాయసం జుర్రుకున్నట్టు జుర్రుకున్నాడు.

“సరే, నట్టు బాగుండాది. ఒప్పుకుంటా,” అన్నాడు ప్రతాప్. “మరి నూనె యాడికి పోయింది సార్?”

లక్ష్మీపతి టార్చి ఆర్పాడు.

“నిండుగా ఉండాల్సిన నూనె, నిన్న ఇప్పించి చూస్తే గ్లాసెడు కూడా లేదు. కింద బోల్టు గట్టిగానే ఉండాది. ఇనుము యాడా పగల్లేదు. చిమ్మిందంతా సీలు చుట్టూనే. కొత్త సీలు ఐదు దినాలకే ఎందుకు కారల్ల? అది చెప్పండి, నా రిపోర్టు నేనే చింపేస్తా.” లేచి ప్యాంటు దులుపుకున్నాడు. “ఉరవకొండలో ఇంగో కేసుండాది, పోతాండా. మీరు ఎండలో ఎక్కువసేపు ఉండొద్దండి. వయసు కూడా చూసుకోవల్ల కదా.”

కారు వెళ్ళిపోయింది. లక్ష్మీపతికి తల తీసేసినట్టయింది. వాడు వెక్కిరించినందుకు కాదు, అడిగింది మంచి ప్రశ్న అయినందుకు. అది తాను అడగాల్సిన ప్రశ్న. పొద్దుటి నుంచి ప్రతాప్ ఎక్కడ తప్పు చేశాడా అని వెతికాడే గానీ నూనె ఎందుకు పోయిందని వెతకలేదు. కళ్ళలో నిప్పులు పోసుకుని చూస్తే ఇలాగే ఉంటుందని తనను తానే తిట్టుకుంటూ స్టేషనులోకి నడిచాడు.

ఎస్సై పది నిమిషాలిచ్చాడు. నూర్ అహమ్మద్ బెంచి మీద కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి. మూడు రోజులుగా స్టేషనులో ఉన్నా గోళ్ళలో గ్రీజు ఇంకా పోలేదు. మదీనాబీ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

“బుధవారం ఏమేం చేసినావో మొదట్నుంచి చెప్పు. ఒక్కటి కూడా వదలొద్దు,” అన్నాడు లక్ష్మీపతి.

పని మాట ఎత్తగానే నూర్ నడుము నిటారుగా అయింది. “పొద్దున పదికి బండొచ్చింది సార్. సీలు దగ్గర చెమట పట్టినట్ల నూనె. షాఫ్టు ఇప్పితి. నట్టుకు గుర్తు కొట్టుకుంటి. లోపల చూస్తే సీలు ఎండి చెక్కలెక్క అయింది. దాన్ని పీకి, గుంత తుడిచి, కొత్తదాని అంచుకు నూనె రాసి, కట్టె అడ్డం పెట్టి చుట్టూ సమంగా కొట్టి కూర్చోబెడితి. సుత్తితో నేరుగా కొట్టలే. సీలు తిరిగే చోట ఇనుములో గాడి పడిందేమో అని గోరు పెట్టి చూసినా. పడలే. నట్టు మల్లా గుర్తుకు తెస్తి. కొత్త నూనె పోస్తి. పన్నెండున్నరకు బండి పాయ.”

“ఇంగేం ముట్టుకోలేదా?”

నూర్ లేదన్నట్టు తల ఊపాడు. మదీనాబీ ఊరుకోలేదు. “బ్రీదరు ఇప్పినావు కదా! నా చేతికిచ్చి కడగమన్లేదా?”

“అది ఎప్పుడూ చేసేదే సార్. అది కూడా చెప్పల్లనా?”

బ్రీదరంటే హౌసింగు నెత్తిన ఉండే బొటనవేలంత మర. బండి పరిగెత్తే కొద్దీ లోపల నూనె కాగి గాలి ఉబ్బుతుంది. ఆ గాలి బయటికి పోవడానికి మరకు సన్నటి బెజ్జం ఉంటుంది.

“ఎట్లా కడిగినావమ్మా?”

“డీజిల్లో ఏసి, బెజ్జంలో సూది పెట్టి తిప్పి, నోటితో ఊది చూసినా సారు. ఇది మూసుకుంటే లోపలి గాలికి దోవలేక సీలును తోసుకుని వస్తాదని ఈయనే చెప్పినాడు. గాలి బాగా పోయింది. ఎండలో ఆరబెట్టి ఇస్తే ఉత్తగానే బిగించినాడు.”

“మరలకు ఏమీ పూయలేదా?” అని లక్ష్మీపతి నూర్‌ను అడిగాడు.

“దానికేం అవసరం సార్? నూనె అంత పైకి రాదు.”

“ఆదివారం ఫోనులో గొడవేమి?”

నూర్ తల దించుకున్నాడు. “తొమ్మిదికి చేసినాడు. సీలు మల్లా కారుతాండాదన్నాడు. బండి తీసకరాన్నా అన్నా. ‘తిప్పన్న శనివారమే చెప్పినాడు, నూర్ ఏసిన సీలు రెండు దినాల్లో కారుతాది చూడు అని. నీకంటే ఆయనే నయం’ అన్నాడు. నాకు మండింది. ‘అయితే ఆడికే పోయి చావు’ అన్నా. కోపంలో అన్న మాట సార్. అల్లా సాక్షి.”

“శనివారం సీలు కారుతాండాదా?”

“లేదు సార్. ఆదివారం పొద్దునే మొదలైందని కదిరప్పన్నే చెప్పినాడు.”

“మరి కారకముందే కారుతాదని చెప్పిన ఈ తిప్పన్న ఎవరు?”

“నా గురువు సార్. పద్నాలుగేండ్లు ఆయన చేతికింద పని చేసినా. అనంతపురం రోడ్డులో షెడ్డుండాది. కదిరప్పన్న శనివారం పదకొండుకు ఆడ గ్రీజు కొట్టించుకునేకి పోయినాడు.” నూర్ కొంచెం తటపటాయించాడు. “పెద్ద పనులన్నీ ఇప్పుడు నాకే వస్తాయి సార్. అందుకే నా కాడికొచ్చే డ్రైవర్లకంతా నేనే చెప్తా, గ్రీజు మాత్రం తిప్పన్న దగ్గర కొట్టించుకోండి అని. పెద్దాయన ఖాళీగా కూర్చుంటే నాకు బాగుండదు.”

అతను మంచి మనసుతోనే ఆ మాట అన్నాడు. లక్ష్మీపతికి మాత్రం ప్రతాప్ గుర్తొచ్చాడు. ప్రతాప్ కూడా అప్పుడప్పుడు కేసులు పంపుతాడు. పోయిన సర్టిఫికెట్లు వెతికేవి, పెళ్ళికొడుకు మంచివాడా కాదా అని విచారించేవి. “ప్రతాప్ సార్ పంపించినారు” అంటూ గుమ్మంలోకి వచ్చేవాళ్ళను చూసిన ప్రతిసారీ లక్ష్మీపతికి ఆ పూట అన్నం సయించదు. దయగా పడేసిన ఆ ముక్క కంటే చెంపదెబ్బ నయమనిపిస్తుంది.

రెండూ ఇరవైకి మళ్ళీ లారీ కింద దూరాడు. ఈసారి ఒక కానిస్టేబుల్‌ను సాక్షిగా తెచ్చుకున్నాడు. బ్రీదరు హౌసింగుకూ లారీ తొట్టి అడుగుకూ మధ్య ఉంది. చొక్కా చేతులు నల్లబడకుండా అక్కడికి చెయ్యి పోదు. ప్రతాప్ ఎందుకు చూడలేదో అర్థమై లక్ష్మీపతి ఒకసారి మనసారా సంతోషించాడు. స్పానరు పట్టించి తిప్పితే మర బరువుగా, మెత్తగా కదిలింది. బయటికి తీసి వెలుగులో పెట్టాడు.

బెజ్జం లేదు. అది ఉండాల్సిన చోట తెల్లటి ముద్ద గట్టిగా కూరి ఉంది. పైపుల పనివాళ్ళు వాడే సఫేదా. అంతకంటే వింత, మరలు కనబడటం లేదు. వాటి మీద నూలుదారం వరస తప్పకుండా చుట్టి ఉంది. లెక్కపెడితే ఎనిమిది చుట్లు. దారానికి కూడా సఫేదా పట్టించారు. సీలు వైపు టార్చి తిప్పాడు. దాని అంచు ఒకచోట బయటికి తిరగబడి ఉంది. సీలు తనంతట తాను పాడవలేదు, లోపలి గాలి తోసేసింది.

ఎస్సై ఆ మరను అటూ ఇటూ తిప్పి చూశాడు. “బాగుండాది లక్ష్మీపతిగారూ. అయితే బెజ్జం మూసింది నూర్ కాదని ఎట్లా చెప్తారు? ఇప్పినోడే కదా మూసేది?”

“ఇప్పినోని భార్య ఊది చూసి ఇచ్చింది.”

“భార్య సాక్ష్యం!” ఎస్సై నవ్వాడు. “ఇది నా దగ్గరుంటుంది. మీరు ఫోటో తీసుకోండి. నాలుగింటికి జీపు బయల్దేరుతుంది.”

లక్ష్మీపతి ఫోటో తీసుకున్నాడు. బెజ్జం ఎవడైనా మూయగలడు. మూసినవాడికి మరలకు దారం చుట్టాల్సిన పనేముంది? తొందరగా మూసి, చేత్తో నాలుగు తిప్పులు తిప్పి పారిపోవాలి. ఈ మనిషి తొందరలో కూడా ఎనిమిది చుట్లు చుట్టాడు. చుట్టకుండా మర బిగించడం రాని చెయ్యి ఇది. ఆ చెయ్యి ఎవరిదో ఫోటో చూపించి అడిగితే చెప్పరు. దాని చేతనే చెప్పించాలి.

అనంతపురం రోడ్డులో షెడ్డుకు వంద గజాల ముందే మోపెడ్డు ఆపి, ఇంజిను కింది నూనె బోల్టును స్పానరుతో కాస్త వదులు చేసుకున్నాడు. షెడ్డు ముందు ఒక ట్రాక్టరు తప్ప బండ్లేవీ లేవు. తిప్పన్న గ్రీజు గన్ను తుడుస్తూ కూర్చుని ఉన్నాడు. అరవై దాటిన మనిషి, చేతులు మాత్రం కుర్రవాడివిలా ఉన్నాయి. అప్పుడు టైము మూడూ అయిదు.

“నూనె కారుతాండాదప్పా. కొంచెం చూస్తావా?”

“కూర్చోండి సారూ.” తిప్పన్న గొంతుక్కూర్చుని, నూనె పట్టడానికి కింద గిన్నె పెట్టి బోల్టు విప్పాడు. గుడ్డతో తుడిచాడు. జేబులోంచి దారపు రీలు తీసి, డబ్బాలోని తెల్లటి ముద్దలో రెండు వేళ్ళు ముంచి, దారాన్ని ఆ వేళ్ళ మధ్య నుంచి లాగుతూ మరల మీద చుట్టాడు. కొసను పంటితో కొరికాడు. అంతా అర నిమిషం పని. అంతసేపూ కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి. ఒక లారీ ఆగకుండా హారను కొట్టి పోయింది.

“దారమెందుకప్పా? ఉత్తగా బిగిస్తే చాలదా?”

“నా చేతిలో పడిన మర దారం లేకుండా పోదు సారూ. నలభై ఏండ్లాయె. ఇప్పటోళ్ళు ట్యూబులోంచి పేస్టు పిండుతారు. కొందరికి అది కూడా బరువే, ఉత్త చేతుల్తో బిగిస్తారు.”

“ఊళ్ళో ఇట్లా చుట్టేటోళ్ళు ఇంగెవరన్నా ఉండారా?”

“యాడుండారు? శానా ఓపికుండల్ల దీనికి.” తిప్పన్న గర్వంగా నవ్వాడు.

లక్ష్మీపతి ఫోను అతని మొహం ముందు పెట్టాడు. “ఎనిమిది చుట్లు. ఇప్పుడు నా బోల్టుకు కూడా ఎనిమిదే చుట్టినావు. ఇది కదిరప్ప లారీ బ్రీదరు.”

తిప్పన్న నవ్వు వెంటనే పోలేదు. పోవాలని తెలియక కాసేపు అలాగే ఉండిపోయింది. 

“బెజ్జం మూసినావు, సరే. మూసి మర అట్లే పెట్టి పోవచ్చు కదప్పా. దారం యాలకు చుట్టినావు?”

తిప్పన్న తన వేళ్ళకంటిన సఫేదా వైపు చూసుకున్నాడు. “చేతికి తెలీదు కదా సారూ. నేను చేసేది చెడ్డపనని నాకు తెలుసు. చెయ్యి మాత్రం దాని పాటికి అది చుట్టేసింది.”

“కదిరప్ప ఏం చేసినాడు నిన్ను?”

“ఏమీ చేయలే. వాడు సచ్చిపోవల్లని కాదు సారూ, నా బిడ్డల మీద ఒట్టు! నూనె కారల్ల, అంతే. నూర్ గాడు ఏసిన సీలు కారిందంట అని నలుగురు నవ్వితే చాలనుకుంటి.” తిప్పన్న గొంతు పైకి లేచింది. “సీలు కొట్టేటప్పుడు కట్టె ఎట్ల పట్టల్లనో వానికి చూపించింది నేను. నట్టుకు చుక్క కొట్టడం నేర్పింది నేను. ఇప్పుడు లారీలన్నీ వాని షెడ్డు ముందర. నాకు గ్రీజు పని పంపిస్తాడు! వచ్చిన ప్రతివాడూ ‘నూర్ భాయ్ పంపించినాడు’ అంటాడు. దినానికి నాలుగుసార్లు ఆ మాట ఇనల్ల. వాడు నన్ను తిట్టింటే ఇంత మండేది కాదు. వాడు నన్ను జూసి జాలిపడ్తాండాడు సారూ, జాలి!”

లక్ష్మీపతి ఎంతోమంది నేరస్తుల మాటలు విన్నాడు. ఇంత బాగా అర్థమైన మాట ఎప్పుడూ వినలేదు.

ఎస్సైకి ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. తిప్పన్న అన్నీ చెప్పాడు. శనివారం పదకొండు తర్వాత, కదిరప్ప టీకి పోయిన పది నిమిషాల్లో చేసిన పని. దారం, సఫేదా, బెజ్జం. “నూర్‌ను ఆపుతాను. మీరు ఆయన్ను తీసుకురండి,” అన్నాడు అవతల ఎస్సై. వెనకాల ఎక్కడో మదీనాబీ పెద్దగా ఏడవడం వినిపించింది. టైము మూడూ నలభై.

ఇక మిగిలింది ఒక్కటే. లక్ష్మీపతి ఫోనులో ప్రతాప్ నంబరు తీశాడు. ఏమనాలో మనసులో రెండు మూడు రకాలుగా కూర్చుకున్నాడు. నీ రిపోర్టు చింపుతావా, నన్ను వచ్చి చింపమంటావా? చొక్కా మాసినా పరవాలేదనుకుంటే నీకూ దొరికేది కదా? నాలుగేళ్ళుగా నోట్లో నీళ్ళూరుతున్న వంటకం ఇవాళ ఆకులో పడింది. అయినా వేలు నంబరు మీదికి పోలేదు. ఏదో నలుసు అడ్డం పడుతోంది.

రెండేళ్ళ కిందట ప్రతాప్ మీద లక్ష్మీపతి ఒక ఆకాశరామన్న ఉత్తరం రాశాడు. ఈ సంగతి భార్యకు కూడా తెలియదు. రాసిన రెండు రోజులూ కడుపు చల్లగా ఉంది. మూడో రోజు మంట మళ్ళీ వచ్చింది. అప్పుడు ఇంకొకటి రాశాడు. ఈ జబ్బు ఒక్క మోతాదుతో తగ్గేది కాదు.

“తిప్పన్నా,” అన్నాడు మెల్లగా. “నిజం చెప్పు. ఒక్క బండేనా?”

తిప్పన్న దారపు రీలును వేళ్ళతో నలుపుతూ ఉండిపోయాడు.

“నేను కూడా నీ అట్లాటోన్నే అప్పా. ఒక్కదాంతో ఆగుంటావంటే నమ్మను. ఇంగేది?”

“హనుమంతప్ప తెల్ల వ్యాను,” అన్నాడు తిప్పన్న. “దానికి కూడా నూర్ గాడే పోయిన వారం సీలు మార్చినాడు. ఆదివారం సాయంత్రం గ్రీజుకొచ్చింది. అప్పుడు చేసినా. సోమవారం కదిరప్ప పోయినాడని తెలిసినాక చేతులు కాళ్ళు ఆడలే. పోయి తీసేద్దామంటే ఎవరన్నా చూస్తారని భయం. వ్యాను ఈడికి మల్లా రాలే.”

“యాడుండాది ఇప్పుడు?”

“వానలు పడినాయి కదా సారూ. రోజూ జనాన్ని వజ్రకరూరు చేన్లకు తీసకపోతాండాడు, వజ్రాలు ఏరుకునేకి. ఇరవై మంది పడతారు. ఆడోళ్ళే ఎక్కువ. మూడింటికంతా ఎనిక్కి బయల్దేరతారు.”

తిప్పన్న ఫోను నుంచి చేస్తే హనుమంతప్ప ఫోను మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేస్తే మళ్ళీ అంతే. వ్యాను నడిపేటప్పుడు ఫోను ఎత్తడని తిప్పన్న ఏడుపు గొంతుతో చెప్పాడు. ఎస్సై ఇక్కడి నుంచి జీపు తీసినా ముప్పావు గంట. మోపెడ్డు మాట అనుకోవడమే దండగ. వ్యాను ఉరవకొండ మీదుగానే రావాలి; ఆ రోడ్డు మీద ఇప్పుడు కారుతో ఉన్న మనిషి ఒక్కడే. ఆ నంబరు అప్పటికే తెర మీద ఉంది.

ప్రతాప్ మొదటి రింగుకే ఎత్తాడు. “చెప్పండి సార్. నూనె దొరికిందా?”

“ప్రతాప్, అడగొద్దు, విను. ఉరవకొండ నుంచి కళ్యాణదుర్గం దోవలో హనుమంతప్ప తెల్ల వ్యాను వస్తాండాది. కదిరప్ప లారీకి చేసినట్లే దానికి కూడా చేసినారు. చేసింది నూర్ కాదు. సీలు పోయింటుంది. బేరింగు ఏ క్షణంలో పట్టేస్తుందో తెలీదు. లోపల ఇరవై మంది. ఆపు. కేసు నువ్వే తేల్చినావని రాసుకో, పేపర్లో నీ ఫోటోనే ఏసుకో, నాకేమీ వద్దు. బండిని మాత్రం ఆపు!”

ఆ మాటలు తన నోటి నుంచే వచ్చాయని లక్ష్మీపతికి తర్వాత గానీ తెలియలేదు. అవతల గాలి హోరు మాత్రం వినిపించింది.

“సార్,” అన్నాడు ప్రతాప్. గొంతులో వెటకారం లేదు. “బెళుగుప్ప దాటి వస్తాండా. తెల్ల వ్యాను ఒకటి ఇప్పుడే నన్ను దాటుకుని పాయ. నిండా జనం. వెనక చక్రాల నడుమ నుంచి పొగ లేస్తాండాది. ముందర వంక నీళ్ళ కాడికి దిగుడు రోడ్డు.”

“హారన్ కొట్టు! పక్కకు పోయి చెయ్యి ఊపు!”

“కొడతాండా. వాడు పాటలు పెట్టుకున్నాడు, ఇనిపించడంలే. దిగుడులోకి పోకముందే ముందుకు పోయి కారు అడ్డం పెడతా.”

“అడ్డం పెట్టొద్దురా! చక్రాలు పట్టేస్తే అది నిలబడదు, జారుకుంటా నీ మీదికే వస్తాది! ప్రతాప్! వినపడతాందా?”

జవాబు లేదు. కారు ఇంజిను గట్టిగా రంకె వేసింది. హారన్ ఆగకుండా మోగుతూనే ఉంది. షెడ్డులో తిప్పన్న రెండు చేతులతో మొహం కప్పుకుని నేల మీద కూలబడ్డాడు. నాలుగేళ్ళుగా ఆ ఒక్క మనిషి ఎప్పుడు పడిపోతాడా అని ఎదురుచూసిన లక్ష్మీపతి, ఫోను చెవికి అదిమి పట్టుకుని, నడిరోడ్డు మీదికి వచ్చి “ప్రతాప్, ప్రతాప్” అని అరుస్తూ ఉండిపోయాడు.